ఎడమచేతి పిడికెడు

అనగనగా కాలవగట్టున ఒక ఊళ్ళో ఒక చర్చి ఉండేది. ఆ చర్చిలో ఒక మట్టి బాన ఉండేది. ఎంత పెద్దదనుకున్నావు? ఏనుగు జారి అందులో పడితే తొండం కొస కూడా బయటికి కనబడదు. నవ్వకు. దాన్ని చేసిన కుమ్మరి ఆ బాన చుట్టూ ఒక్కసారి తిరిగొద్దామని పొద్దున్నే బయల్దేరితే, అన్నం వేళకి గానీ ఇల్లు చేరేవాడు కాదట.

దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇందాక పళ్ళెం ఎడమచేత్తో అందించావని మీ అత్త కసిరింది కదూ, ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావు. ఆ చేతుల కథే చెప్తాను, విను. దీన్ని నాలాగా చెప్పగలిగినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. పోయినసారి నేను చెప్తుంటే గోడమీద బల్లి నోట్లో పురుగు పెట్టుకుని మింగడం మర్చిపోయింది.

ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక అలవాటు. పొయ్యిమీద ఎసరు పెట్టాక, బియ్యం కడిగేముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో పోసేవాళ్ళు. అది దేవుడి పిడికెడు. ఇంట్లో అన్నం చాలినా చాలకపోయినా ఆ పిడికెడు తీశాకే వంట. ఆదివారం ముంత పట్టుకెళ్ళి చర్చిలో బానలో పోసేవాళ్ళు. మంచం పట్టినవాళ్ళకీ, దిక్కులేనివాళ్ళకీ ఆ బియ్యం వెళ్ళాలి. అందుకని పెట్టుకున్న బాన అది.

ఆ ఊళ్ళో ద్రాక్షవల్లి అని ఒకావిడ ఉండేది. పేరేమో తీపి, బతుకేమో వేపాకు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కానీ పనిలోకి దిగిందంటే చూడాలి! ఆవిడ నాట్లు వేస్తుంటే కొంగలు దారి వదిలి గట్టెక్కేవి. ఆవిడ కోత కోస్తుంటే కొడవలికి చెమట పట్టేది.

ఆ ఊరి సంఘపెద్ద జక్కరయ్య. పాస్టరుగారు టౌన్లో ఉండేవారు, ఎప్పుడో గానీ వచ్చేవారు కాదు. మిగతా ఆదివారాలు చర్చిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎప్పుడు పాడాలో అంతా జక్కరయ్యే చెప్పేవాడు. ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యిమీద పెట్టొచ్చిన కూరలు మాడి, చల్లారి, పాచిపోయేవి.

ఆయనకి చెరుకు గానుగ ఉండేది. అది తిరుగుతుంటే ఊరంతా తిరుగుతున్నట్టే ఉండేది. ద్రాక్షవల్లి ఆ గానుగలో చెరుకు పెట్టే పనికి వెళ్ళేది. ఒకరోజు చెరుకుతోపాటు ఆవిడ కుడిచెయ్యి కూడా లోపలికి వెళ్ళిపోయింది. మోచేతి దాకా.

ఆవిడ అరిచిన అరుపుకి కాలవలో నీళ్ళు వెనక్కి నడిచాయి.

అప్పుడు జక్కరయ్య పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. తల పట్టుకున్నాడు. "అయ్యయ్యో, రసమంతా పాడైపోయిందే!" అన్నాడు. ఆ పూట రసం పారబోయించాడు. చెయ్యి సంగతి దేవుడి చిత్తం అన్నాడు.

ఆ తర్వాత ద్రాక్షవల్లిని ఎవరూ కూలికి పిలవలేదు. అప్పుడు ఆవిడ పరిగె ఏరుకోవడం మొదలుపెట్టింది. పరిగంటే తెలుసుగా? కోతలయ్యాక పొలంలో రాలి మిగిలిపోయిన వెన్నులు. మిగతావాళ్ళు రెండు చేతులా ఏరి ఒళ్ళో నింపుకునేవాళ్ళు. ఈవిడ కొంగు పంటికింద పట్టి, ఎడమచేత్తో ఒక్కో వెన్నూ ఏరి అందులో వేసుకునేది. పిచ్చుకలు లేచి వచ్చేసరికి ఈవిడ సగం పొలం ఏరేసేది. పాపం పిచ్చుకలు ఈవిడ మీద అలిగి పక్క ఊరికి వలసపోయాయి.

ఆ వడ్లు ఒంటిచేత్తోనే రోకలెత్తి దంచేది. ఆ దెబ్బకి అవతలి ఊళ్ళో ఉట్లు ఊగేవి. ఇంత చేస్తే వచ్చేది ఏమిటి? ఎర్రటి ముతక బియ్యం. అందులోనూ సగం నూకలు.

అందులోంచి కూడా పిడికెడు తీసి ముంతలో పోసేది. కుండలో పిడికెడే ఉన్న రోజున ఆ పిడికెడూ ముంతలోకే వెళ్ళేది. ఆ పూట వేడినీళ్ళు తాగి కడుపుని జోకొట్టుకునేది.

అప్పుడు ఒక ఆదివారం ముంత పట్టుకుని చర్చికి వెళ్ళింది. బాన పక్కనే జక్కరయ్య పెళ్ళాం పీట వేసుకుని కూర్చునుంది. ఆవిడ పేరు కరుణమ్మ. ఏం చేస్తాం, పేర్లు పుట్టగానే పెడతారు.

ద్రాక్షవల్లి ఎడమచేత్తో ముంత ఎత్తింది. కరుణమ్మ రెండు చేతులూ బాన మీద అడ్డం పెట్టింది.

"ఆగాగు. అదేం చెయ్యే?"

"ఉన్నది ఇదొక్కటేనమ్మగారూ."

"ఉంటే మాత్రం? దేవుడికి ఎడమచేత్తో పోస్తావా? మా ఇంట్లో కుక్కకి కూడా నేను ఎడమచేత్తో పెట్టను."

ద్రాక్షవల్లి ఇంటికొచ్చి రోజంతా ఆలోచించింది. ఆ తర్వాతి ఆదివారం ముంతకి తాడు కట్టి, ఆ తాడు పళ్ళతో పట్టుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకుని వెళ్ళింది. వంగి, మెడ తిప్పి, ముంత ఒంపబోయింది. అలా పళ్ళతో ముంత మొయ్యడం గొప్పనుకుంటున్నావా! ఆ పళ్ళతో ఆవిడ తలుచుకుంటే చర్చి గంటని ఊడబెరికి పట్టుకుపోయేది. కానీ తెచ్చింది బియ్యం.

"ఛీ, ఛీ! ఎంగిలి!" అంది కరుణమ్మ. వెనకాల కూర్చున్నవాళ్ళు ఫక్కున నవ్వారు. ఎవరో మేకలా అరిచారు కూడా.

మూడో ఆదివారం ఆవిడ ముంతని కుడి మోచేతి మొండానికీ, పక్కటెముకలకీ మధ్య ఇరికించుకుని వెళ్ళింది. మొండమైనా కుడివైపుదే కదా అనుకుంది. ముంత ఒంపుతుంటే జారింది. సగం బియ్యం నేలపాలయ్యాయి. అప్పుడు జక్కరయ్య లేచాడు.

"దేవుడి ఇంట్లో గింజలు కాళ్ళకింద తొక్కిస్తావా? ఎవరడిగారమ్మా నిన్ను? ఇవ్వలేనివాళ్ళు ఊరికే ఉండాలి."

ఆ గింజలు చీపురుతో ఊడ్చి బయట కోళ్ళకి పోశారు. కోళ్ళు మాత్రం ఏ చెయ్యని అడగలేదు.

ద్రాక్షవల్లి పక్కింట్లో సలోమి ఉండేది. చెడ్డది కాదు. మొగుడు తాగుబోతు. ఆ ఇంట్లో తిట్లు తప్ప మంచిమాట అనేది ఆవిడ చెవిన పడి ఎరగదు. ద్రాక్షవల్లి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే సలోమి వచ్చి పక్కన కూర్చుంది.

"నీ ముంత నాకివ్వు వదినా. నా ముంతతోపాటు నీదీ పోసొస్తాను. చెయ్యి నాదైతే ఏం, పిడికెడు నీదేగా."

ద్రాక్షవల్లి మొహం వెలిగింది. ఆ వెలుగుకి తెల్లారిందనుకుని ఊళ్ళో కోళ్ళన్నీ మిట్టమధ్యాహ్నం కూశాయి.

అప్పుడు సలోమి రెండు ముంతలు పట్టుకెళ్ళి బానలో పోసింది. కుడిచేత్తో.

"రెండు ముంతలే!" అంది కరుణమ్మ, చర్చంతా వినబడేలా. "తాగుబోతు మొగుడితో వేగుతూ రెండు ముంతలు తెచ్చింది. చూసి బుద్ధి తెచ్చుకోండి."

అందులో ఒకటి వదినదని చెప్పడానికి సలోమి నోరు తెరిచింది. కానీ అందరి కళ్ళూ ఆవిడ మీదే ఉన్నాయి. అంతమంది తనని అలా చూడటం ఆవిడకి అదే మొదటిసారి. వచ్చే ఆదివారం చెప్దాంలే అనుకుంది. నోరు మూసుకుంది.

ఆ ఆదివారం వస్తే జక్కరయ్య ప్రార్థనలో సలోమి పేరు ఎత్తాడు. పేరుపెట్టి దీవించమన్నాడు. ప్రార్థన మధ్యలో ఎలా చెప్తుంది? మళ్ళీ నోరు మూసుకుంది.

ఆ తర్వాత మొగుడు ఇంట్లో బియ్యం కూడా అమ్ముకుని తాగడం మొదలుపెట్టాడు. సలోమికి తన ముంత తియ్యడం కుదరలేదు. ఒక్క ముంతతో వెళ్తే ఏమంటారో! అప్పుడు ద్రాక్షవల్లి బియ్యాన్నే రెండు ముంతల్లోకి సర్దింది. పైన ఆకు కప్పింది. రెండు ముంతల్లోనూ ఎర్రబియ్యమే. కరుణమ్మ ముందే ఒంపేది. ఒక్కరన్నా చూశారా? అందరూ చెయ్యి చూశారు. బియ్యం ఎవరూ చూడలేదు.

అప్పుడు కోతల పండుగ వచ్చింది. పాస్టరుగారు టౌను నుంచి వచ్చారు. చర్చికి మామిడాకులు కట్టారు, గుమ్మడికాయలు తెచ్చారు, కోళ్ళు తెచ్చారు, అరటిగెలలు తెచ్చారు. నా మాట నమ్ము, ఒక్కో గుమ్మడికాయలో ఒక్కో కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు. అప్పుడు పాస్టరుగారు సలోమిని ముందుకి పిలిచి, లేమిలో ఇచ్చిన చెల్లెలు అని ఒక శాలువా కప్పారు.

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక గోడవారన కూర్చున్న ద్రాక్షవల్లి కూడా కొట్టింది. ఒంటిచేత్తో ఎలా కొడుతుంది? తొడమీద చరుచుకుంది.

"ఇవ్వడం రాదుగానీ చరుచుకోవడం వచ్చు" అంది కరుణమ్మ.

ఇంటికెళ్ళే దారిలో సలోమి శాలువా మడిచి చంకలో పెట్టుకుంది. "వదినా, నేను చెప్దామనే..." అంది.

"చెప్తే ఏం చేస్తారే? ఆ బియ్యం తీసి మళ్ళీ కోళ్ళకి పోస్తారు" అంది ద్రాక్షవల్లి. "మంచం పట్టినవాళ్ళ నోట్లోకి వెళ్తోందిగా, వెళ్ళనీ." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "కానీ సలోమీ, నేను పోయేలోగా ఒక్కసారి నా పేరు కూడా చెప్పు. ద్రాక్షవల్లి కూడా పోసిందని. ఒక్కసారి చాలు."

"చెప్తాను వదినా. తప్పకుండా చెప్తాను."

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఏం వానలనుకున్నావు! చేపలు కాలవ వదిలి వీధుల్లో తిరిగాయి, అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నాయి. పొలాలు మునిగాయి. పరిగె లేదు. ద్రాక్షవల్లికి జ్వరం వచ్చింది. కుండ బోర్లించి పడుకుంది.

అప్పుడు సంఘం పెద్దలు బానలో బియ్యం పంచడానికి కూర్చున్నారు. సలోమి శాలువా కప్పుకుని వెళ్ళింది.

"ద్రాక్షవల్లి వదిన మంచంమీదుందయ్యా. ఒక మానెడు ఇప్పించండి."

"ద్రాక్షవల్లా?" అన్నాడు జక్కరయ్య. "ఈసారి బియ్యం తక్కువున్నాయి. పోసినవాళ్ళకే పంచాలని అనుకున్నాం. ఆవిడ ఎప్పుడైనా పోసిందా?"

సలోమి శాలువా కొస సర్దుకుంది.

"ఎవరైనా చూశారా, ఆవిడ పొయ్యడం?"

సలోమి భుజంమీద శాలువా బండరాయిలా బరువెక్కింది.

"అమ్మా సలోమీ, నువ్వు చెప్పు. పక్కింటిదానివి. పోసిందా?"

చూడు, ఈ ఒక్క మాట దగ్గర ఒక మనిషి ప్రాణం ఆగి ఉంది. అవునంటే చాలు. సలోమి తల వంచుకుంది.

"నీది మంచి మనసు కాబట్టి అడిగావులే" అంది కరుణమ్మ. ఆవిడ వీపు నిమిరింది కూడా.

అప్పుడు బియ్యం పంచారు. పోసినవాళ్ళందరికీ తలో మూట ఇచ్చారు. కరుణమ్మకీ ఒక మూట వెళ్ళింది. విప్పి చూసి, ఇంత ముతకబియ్యం ఎవరు పోశారో అని విసుక్కుని, తన కోళ్ళకి చల్లింది.

సలోమి తన మూట పట్టుకుని తిన్నగా ద్రాక్షవల్లి ఇంటికి పరుగెత్తింది. గాలికన్నా ముందు పరుగెత్తింది. గాలి వెనకాల రొప్పుతూ వచ్చింది. పొయ్యి రాజేసి, గంజి కాద్దామని మూట విప్పింది.

ద్రాక్షవల్లి మంచంమీంచి తల తిప్పి చూసింది. ఎర్రబియ్యం. తను ఏరినవి, తను దంచినవి. నూకలతో సహా గుర్తుపట్టింది.

"నాకు బాన బియ్యం ఇచ్చారా?" అంది.

సలోమి తల ఊపింది.

"అయితే చెప్పావన్నమాట. నా పేరు."

"చెప్పాను వదినా."

"ఏమన్నారు?"

సలోమి పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. ఆ పొగలో ఏడ్చినా తెలీదు. "మంచిది అన్నారు. ద్రాక్షవల్లి చాలా మంచిది అన్నారు."

ద్రాక్షవల్లి నవ్వింది. అప్పుడు ఆవిడ లేవలేక లేవలేక లేచి, ఎడమచెయ్యి చాచి, సలోమి ఎసట్లో పొయ్యబోతున్న బియ్యంలోంచి ఒక పిడికెడు తీసింది. తీసి ముంతలో పోసింది.

"ఇది ఆదివారానికి" అంది.

ఆదివారం దాకా ఆవిడ ఆగలేదు. జ్వరమే తీసుకుపోయింది అన్నారు పెద్దలు. ఎన్నాళ్ళు బోర్లించి ఉందో ఆ కుండని ఎవరూ అడగలేదు.

శనివారం సాయంత్రం సమాధిలో దించారు. అందరూ వరసగా వచ్చి కుడిచేత్తో పిడికెడు మట్టి వేశారు. జక్కరయ్య వేశాడు. కరుణమ్మ వేసింది, చెయ్యి దులుపుకుంది. అప్పుడు సలోమి వచ్చింది. వంగి, ఎడమచేత్తో మట్టి తీసి, ఎడమచేత్తో వేసింది.

అందరూ గుసగుసలాడారు. సలోమి వాళ్ళవైపు తిరిగింది.

"ఆ రెండు ముంతల్లో ఒకటి ఈవిడది" అంది. "తర్వాత తర్వాత రెండూ ఈవిడవే. అప్పట్నించీ నేనొక్క గింజ కూడా పొయ్యలేదు. శాలువా నాది కాదు. బాన నింపింది ద్రాక్షవల్లి."

చెట్టుమీద కాకులు అరవడం ఆపాయి. అప్పుడు జక్కరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా, తనని తాను ఎంత తగ్గించుకుందో!" అన్నాడు. "తను చేసిన దానం కూడా ఒక చచ్చిపోయిన దిక్కులేనిదానికి ఇచ్చేస్తోంది. ఇలాంటి మనసు మనలో ఎవరికుంది?"

అందరూ తలలు ఊపారు. కరుణమ్మ సలోమిని కౌగిలించుకుంది.

సలోమి అరిచి చెప్పింది. ఇంకా పొగిడారు. మర్నాడు, ఆదివారం, చర్చిలో నిలబడి చెప్పింది. సాక్ష్యం ఎంత బాగా చెప్పిందో అన్నారు. పాస్టరుగారు వచ్చినప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. ఆయన ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టి దీవించి, టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి ఆదివారమే సలోమి, ద్రాక్షవల్లి తీసిపెట్టిన ఆఖరి ముంత కూడా తీసుకెళ్ళింది. ఎడమచేత్తో ఎత్తింది. కరుణమ్మ కళ్ళలోకి చూస్తూ ఎడమచేత్తో బానలో ఒంపింది. అదే బాన, అవే ఎర్రబియ్యం, అదే వైపు చెయ్యి.

కరుణమ్మ అడ్డం పెట్టలేదు. పీట జరిపి దారి కూడా ఇచ్చింది. "సలోమి ఎడమచేత్తో పోసిందంటే అందులో ఏదో భక్తి ఉంటుందిలే" అంది.

ఏంటీ? ఆ తర్వాత దేవుడు వాళ్ళనేం చెయ్యలేదా అనా? ఏం చెయ్యలేదమ్మా. జక్కరయ్య గానుగకి కొత్త ఎడ్లు కొన్నాడు. కరుణమ్మ కోళ్ళు బాగా బలిశాయి. సలోమి బతికినన్నాళ్ళూ ఎడమచేత్తోనే పోసింది, బతికినన్నాళ్ళూ పొగడ్తలే తింది. ఆ బియ్యం తిని మంచం దిగి నడిచినవాళ్ళు మాత్రం ఉన్నారు. ఆ బియ్యం ఎవరు ఏరారో వాళ్ళలో ఒక్కరికీ తెలీదు.

నేను ఏనుగుని బానలో పడేశాను. కాలవని వెనక్కి నడిపించాను. చేపల్ని అరుగుల మీద కూర్చోబెట్టాను. ఈ చోటికి వచ్చినప్పుడల్లా ఆ జక్కరయ్య ఇంటిమీద ఒక్క పిడుగు వెయ్యాలనిపిస్తుంది. అంతటి నాకు కూడా ఆ ఒక్క పిడుగూ చేతకావడం లేదు.

నోరెండిపోయింది. ఆ మంచినీళ్ళ గ్లాసు ఇటివ్వు. అదేమిటి, చెయ్యి మారుస్తున్నావు? ముందు చాచిన చెయ్యే చాచు. ఆ, అలా. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, గింజేమో బానకి,
పేరేమో పక్కింటికి, మట్టేమో మనిషికి,
మనమేమో ఇంటికి, నిద్రేమో కంటికి.